పాలరాతికి కొలతలు

మెడలో కొలత టేపు లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు. అందుకే వీధంతా టేపమ్మ అనేది. కిటికీ పక్కన కుట్టుమిషను, తలుపు సరిగా పడని బీరువా, నేల మీద ఎంత ఊడ్చినా మిగిలే దారపు ముక్కలు: నలభై ఏళ్ళ బతుకంతా ఆ ఒక్క గదిలోనే. పెద్దింటి ఆడవాళ్ళ బట్టలన్నీ ఆమే కుట్టేది.

ఆ ఇంటి చిన్నకోడలు పద్దెనిమిదేళ్ళకు కాపురానికి వచ్చింది. మొదటిసారి కొలతలు తీస్తుంటే చక్కిలిగింతలకు మెలికలు తిరిగింది.

"అక్కా, పడుకునేటప్పుడైనా ఆ టేపు తీస్తావా?"

"తీస్తే నా మెడ ఎక్కడుందో నాకే తెలీదు చిన్నమ్మగారూ. కదలకండి, సూది గుచ్చుకుంటే నన్ననకండి."

నడుము ఇరవై ఏడు అంగుళాలు. టేపమ్మ పుస్తకంలో రాసుకుంది.

మూడో ఏటికి అది ఇరవై నాలుగయింది. సాయంత్రమైతే సన్నటి జ్వరం, తిండి సయించదు. ఒకరోజు ఆ పిల్ల తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుంది.

"బట్టల లోపల పల్చగా దూది పెట్టి కుడతావా అక్కా? ఎవరికీ తెలియకూడదు."

"డాక్టరుకు చూపించుకోవాల్సింది నాకు చూపిస్తే ఎలాగమ్మా?"

"డాక్టరొస్తే గాలి మార్పంటూ ఎక్కడికో పంపేస్తారు. మా ఆయన ఇంట్లో ఉండేదే నెలకు రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేను లేకపోతే?"

టేపమ్మ కుట్టింది. ఎంత బాగా కుట్టిందంటే, అత్తగారు కోడలు ఒళ్ళు చేసిందని మురిసిపోయింది. రెండేళ్ళపాటు ఆ పిల్ల వెన్నెల తరిగినట్టు తరుగుతూ వచ్చింది. టేపమ్మ దూది పొరలు పెంచుకుంటూ పోయింది. చివరికి మంచం పట్టాక డాక్టరును పిలిస్తే, ఏడాది ముందే ఎందుకు పిలవలేదని ఆయన అందరినీ కేకలేశాడు. టేపమ్మ గుమ్మం బయట నిలబడి వింది.

ఆ పిల్ల పోయిన రెండు నెలలకు శిల్పి వచ్చాడు.

"ఫొటోలో ముఖం ఒక్కటే ఉంది తల్లీ. సమాధి మీద నిలువెత్తు బొమ్మ కావాలంటున్నారు. మెడ కిందదంతా నీ పుస్తకంలో ఉందట కదా."

టేపమ్మ చివరి పేజీ తీసి చదివింది. శిల్పి రాసుకుంటున్నవాడల్లా పెన్సిలు ఆపాడు.

"నడుము మళ్ళీ చెప్పు. పొరపాటు చదివావేమో."

"పొరపాటు కాదయ్యా. పందొమ్మిదే."

ఆ పిల్ల ఎంత కరిగిపోయిందో లోకంలో ఒక్క రాయికైనా తెలియాలనిపించింది ఆమెకు. తరవాత తనను ఎవరేమన్నా పడదామనుకుంది.

వారం తిరక్కుండా ఆ పిల్ల మొగుడు చిన్నదొర వచ్చాడు. మట్టితో చేసిన నమూనా చూసి నేరుగా వచ్చినట్టున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"శిల్పికి పెళ్ళినాటి కొలతలు ఇవ్వు."

"బాబుగారూ, తప్పు నాదే. దూది పెట్టి దాచింది నేనే. మీకు తెలియకూడదని చిన్నమ్మగారు..."

"తెలుసు." అతను మిషను చక్రం మీద వేలుంచాడు. "నా చేతికి తెలియదనుకున్నారా మీ ఇద్దరూ?"

"మరి ఒక్క మాట అడగలేదేం బాబూ?"

"దాచడానికి అంత కష్టపడుతుంటే ఎలా అడగను? వచ్చే నెల అడుగుదామనుకున్నాను. ప్రతిసారీ వచ్చే నెలే అనుకున్నాను." చక్రం మీంచి వేలు తీశాడు. "అలా చెక్కితే చూసినవాళ్ళంతా నన్నే అడుగుతారు. ఏం చెప్పను?"

టేపమ్మ పుస్తకం మొదటి పేజీ తెరిచి, అంకెలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి ఇచ్చింది. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఆఖరి నెల నేను లేను కదా. అప్పటికి ఎంతయింది?"

"పందొమ్మిది."

అతను రెండు చేతులూ ముందుకు చాచి వేళ్ళు కలిపి గాలిలో ఒక చుట్టు చుట్టాడు. "ఇంతా?"

"ఇంకొంచెం తగ్గించండి బాబుగారూ," అంది టేపమ్మ.