రాజావారు కోయని మొదటి గుత్తి

చైనా యుద్ధం ఆగిన మరుసటి వేసవిలో నేను నూజివీడు ప్రాంతానికి వెళ్ళాను. మామిడిపళ్ళ కోసమని ఇంట్లో చెప్పాను గానీ అసలు కారణం వేరు. తెనాలి హైస్కూల్లో నేను చరిత్ర చెబుతాను. ఆ ఏడు పరీక్షల ముందు, రష్యా చక్రవర్తి యుద్ధం మధ్యలో సింహాసనం పోగొట్టుకున్న పాఠం చెబుతుంటే, "యుద్ధం వస్తే జనమంతా రాజు వెనక నిలబడాలి కదండీ, మరి ఆయనెందుకు పోయాడు?" అని క్లాసులో పిల్లలు అడిగారు. తిండిగింజల కొరత, సైన్యంలో అసంతృప్తి, చేతగాని మంత్రులు అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. వాళ్ళకీ తృప్తి లేదు, నాకూ లేదు. స్టాఫ్ రూములో ఈ సంగతి ఎత్తితే లెక్కల మాస్టారు రత్నం నవ్వాడు.

"రష్యా దాకా ఎందుకండీ? మా ఊళ్ళో రాజావారు కూడా యుద్ధంలోనే పోగొట్టుకున్నారు. ఇంకా ఉన్నారు. సెలవుల్లో రండి, చూద్దురుగాని" అన్నాడు.

మే నెల మొదట్లో ఇద్దరం బయల్దేరాం. తెల్లారకముందే తెనాలిలో పాసింజరెక్కి బెజవాడలో దిగాం. స్టేషన్లో ఇడ్లీ బాగుంది, కాఫీ మాత్రం వేడినీళ్ళకి రంగేసినట్టుంది. అక్కణ్ణుంచి మరో పాసింజరు. నూజివీడు అని బోర్డున్న స్టేషన్లో దిగితే నూజివీడు కనపడదు. ఊరు అక్కడికి పది మైళ్ళు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే నాలాగా ప్లాట్‌ఫారం మీద తెల్లమొహం వేసుకుని నిలబడనక్కర్లేదు. బస్సుంది. ముప్పావలా పుచ్చుకుని, మనిషికి సగం సీటు ఇస్తారు.

ఆ సగం సీటులో నా పక్కన నూజివీడు షావుకారొకాయన కూర్చున్నారు. చెవులకి పోగులు, ఒళ్ళో గొడుగు. తోటలు గుత్తకి తీసుకుని కాయ కలకత్తా పంపిస్తారట. రత్నం వాళ్ళ నాన్న తోట కూడా ఈయనే పట్టారు. నేను వచ్చిన పని విని గొడుగు నేలమీద ఒక్కటి కొట్టారు.

"అందులో తెలుసుకోడానికేముందండీ? కాకినాడ మీద జపాను బాంబు పడ్డ ఏడు ఆయన పారిపోయాడు. పారిపోయినవాడికి ఎవరు దణ్ణం పెడతారు?"

రత్నం అవునన్నట్టు తలూపాడు. ఆ ఊళ్ళో అందరూ చెప్పే మాట అదే. బస్సు చెయ్యెత్తినచోటల్లా ఆగుతూ పోతుంటే అతను నాకు మిగతాది చెప్పాడు. రాజావారిది పెద్ద సంస్థానమేమీ కాదు, పట్టుమని పాతిక ఊళ్ళు లేని జమీ. అయినా ఆ ఊళ్ళల్లో ఒక వాడుక ఉండేది. మామిడి కోతకొచ్చాక రాజావారు తోటకి వచ్చి మొదటి గుత్తి స్వయంగా కొయ్యాలి. పొడుగాటి గెడకి చివర వలసంచి కట్టి ఉంటుంది, దాన్ని చిక్కం అంటారు. ఆ చిక్కం ముందు ఆయన ఎత్తాలి. ఆయన ఎత్తకుండా ఇంకెవరి చెయ్యీ చెట్టు మీద పడకూడదు. ఆయనా తనంతట తాను రారు. తెల్లారేసరికి రైతులూ కోతవాళ్ళూ కలిసి డప్పులతో బంగళా గేటు దగ్గరికి వెళ్ళి పిలవాలి. డప్పు వినపడగానే ఆయన బయటికొస్తారు. తాతల నాటి నుంచీ అంతే. యుద్ధంలో ఒక ఏడు ఆయన లేకుండా కోసేశారు. ఆ ఏడు ముందుగా చిక్కం ఎత్తింది రత్నం వాళ్ళ నాన్న యోహాను.

నూజివీడులో దిగి అరటాకులో భోజనం చేశాం. పప్పుమామిడికాయ అంత బాగా నేనెక్కడా తినలేదు. మూడింటికి ముసునూరు బస్సు దొరికింది. దారికి రెండువైపులా తోటలే. కొమ్మలు నేలకి వంగి, కొన్నిచోట్ల కాయలు మట్టిలో ఆనుతున్నాయి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి అని రత్నం చెట్టుని చూసి చెబుతుంటే నాకన్నీ ఒకేలా కనిపించాయి.

ఇంటి అరుగు మీద యోహాను వరిగడ్డి సర్దుతున్నాడు. మర్నాడే కోత. గంపల్లో కాయల కింద పరచడానికట. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు. ఒకప్పుడు ఎస్టేటు తోటల్లో కోతవాళ్ళకి పెద్ద. ఎస్టేటు పోయాక రెండెకరాలు అతని పేర పట్టా అయింది. రాజావారి పేరెత్తగానే, "మంచోరేనండీ. పిరికోరు" అని మళ్ళీ గడ్డి సర్దుకోసాగాడు.

సాయంత్రం ఎండ తగ్గాక నేనొక్కణ్ణే బంగళాకి వెళ్ళాను. రత్నం రానన్నాడు. వాళ్ళ ఇంటి మనిషి ఆ గేటు దాటి ఇరవై ఏళ్ళయిందట. మేడలో సగానికి పైకప్పు దిగిపోయింది. వంటవాడు లోపలికి తీసుకెళ్ళాడు. ముందుగదిలో పడక్కుర్చీలో రాజావారు కూర్చున్నారు. తెల్లపంచె, గుండీలన్నీ పెట్టిన పాతకోటు. కళ్ళల్లో శుక్లాలు. నేనెటున్నానో గొంతుని బట్టి తెలుసుకుని ఆ వైపు తిరిగారు. వచ్చిన కాఫీ మాత్రం ఆ ప్రయాణంలోకెల్లా గొప్పది.

ఎలా అడగాలా అని నేను నానా తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నారు.

"నేను పారిపోయానని చెప్పారా మాస్టారూ?"

చెప్పారన్నాను.

"ఆడవాళ్ళని పిల్లల్ని మైలవరం చుట్టాలింటికి పంపించాను. పరదాలు కట్టిన బళ్ళు రాత్రిపూట వెళ్ళాయి. అందులో నేనూ ఉన్నాననుకున్నారు. నేను లేను. ఈ మేడలోనే ఉన్నాను."

ఆ ఏడు బియ్యం సర్కారువాళ్ళు పట్టుకుపోతున్నారు. కోస్తా నుంచి జనం బళ్ళ మీద లోపలికి వస్తున్నారు. ఊళ్ళల్లో రోజూ మీటింగులు. గాదెలు దోచుకుంటారేమోనని దివాను భయపెట్టి గేటుకి తాళం వేయించాడట. రాజావారు మేడ మీద కూర్చుని డప్పు కోసం ఎదురుచూశారు. కోతరోజు వచ్చింది, డప్పు వినపడలేదు. మర్నాడూ లేదు. ఆ రాత్రి గాలివాన కొట్టి సగం కాయ రాలిపోయింది. తెల్లారేసరికి తోటలోంచి కోతవాళ్ళ కేకలు వినిపించాయి.

"కిందికి దిగి వెళ్ళుండొచ్చు కదండీ?" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"పిలవందే ఎలా వెళతాం?" అన్నారు ఆయన, నేనేదో తెలియని పిల్లాణ్ణయినట్టు. "నేను లేకుండా కోశారు. వాళ్ళకి ఏమీ కాలేదు. ఆ మరుసటేడు రైతుల్ని శిస్తు కట్టమంటే నా మొహంలోకి సూటిగా చూశారు. ఎస్టేటు రద్దు చట్టం వచ్చేనాటికి రద్దు చెయ్యడానికి ఇక్కడ ఏం మిగల్లేదు మాస్టారూ."

పై వారం ఆయన్ని కూతురు మద్రాసు తీసుకుపోతోంది. బంగళా అమ్మేశారు. ఇక ఈ ఊరు రావడం ఉండదు. వెళ్ళేలోగా ఒక్కసారి, ఆఖరిసారి, మొదటి గుత్తి కోసి పోవాలని ఉందన్నారు. ఆ మాట గోడవైపు చూస్తూ అన్నారు. యోహానుతో నేను మాట్లాడతానని మాటిచ్చి లేచాను.

యోహాను అప్పటికీ గడ్డి దగ్గరే ఉన్నాడు. సంగతి చెప్పాను. చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

"లోపలే ఉన్నారా?"

"ఉన్నారట. డప్పు కోసం కాచుకున్నారట."

"మేం ఎల్లాం పంతులుగారూ. డప్పులేసుకుని గేటు దాకా ఎల్లాం. తాళం చూశాం. మడిసి లేనప్పుడు ఎందుకులే అని వాయించకుండా తిరిగొచ్చేశాం." చేతిలో గడ్డి కింద పెట్టి, "ఒక్క దెబ్బ ఏసుంటే ఇనేవోరు" అన్నాడు.

తాళానికి అటు ఒకరు, ఇటు ఒకరు, మధ్యన ఇరవై ఏళ్ళు. యోహాను లోపలికెళ్ళి చొక్కా తీసుకొచ్చి, ఉతకమని కోడలికిచ్చాడు. తెల్లారి తనే వెళ్ళి రాజావారిని పిలుచుకొస్తానన్నాడు. మరి డప్పుల మాటేమిటని అడిగాను.

జవాబు రత్నం చెప్పాడు. "డప్పు ఇప్పుడు మా వాళ్ళెవరూ పట్టరండీ. ఎవరి గుమ్మం ముందూ వాయించకూడదని చర్చిలో కూర్చుని మాటనుకున్నాం. వాయించినన్నాళ్ళూ మమ్మల్ని గుమ్మమెక్కనిచ్చింది లేదు. ముందు ఊఁ అన్నది నాన్నే."

"డప్పెందుకు? నేనే ఎల్తున్నాగా" అన్నాడు యోహాను. అంతకంటే పెద్ద మర్యాద ఏముంటుందన్నట్టు అన్నాడు. నేనూ అలాగే అనుకుని హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని యోహాను ముందు నడిచాడు. నేను వెనక. గేటు తీసే ఉంది. అతను తిన్నగా వరండా మెట్లెక్కి, చేతులు కట్టుకుని, "అయ్యా, కోతకి రండి. తోట కాడ అందరూ కాసుక్కూచున్నారు" అన్నాడు. లోపలికి వినపడేటట్టే అన్నాడు.

వంటవాడు వచ్చి నన్ను రమ్మన్నాడు. రాజావారు తయారై ఉన్నారు. జరీ తలపాగా, అదే కోటు, చేతికర్ర.

"డప్పేదీ?" అన్నారు.

డప్పు మానేశారనీ, కారణమిదనీ, యోహాను తనంతట తాను వచ్చి మెట్లెక్కి పిలుస్తున్నాడనీ చెప్పాను.

"యోహాను మంచివాడు. నాకు వాడి మీద కోపం లేదు. కానీ డప్పు లేకుండా తోటకి వెళితే నేనెవర్ని మాస్టారూ? కాయ బేరానికొచ్చిన మరో షావుకారుని."

"మీరెవరో యోహానుకి తెలుసు కదండీ. గుమ్మంలో నిలబడ్డాడు."

"అందరికీ తెలియాలి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళనాడు చేసిన పనే మళ్ళీ చేస్తున్నారని మొహం మీద అనేద్దామనుకున్నాను. ఆ తలపాగా కింద ఆ గుడ్డికళ్ళు చూసి అనలేకపోయాను. బతిమాలాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. బయటికొచ్చి, వస్తున్నారు, కాసేపు ఆగమని యోహానుతో చెప్పాను. అతను ఆగాడు. మెట్ల మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. ఎండ వరండాలోకి పాకింది. తోటవైపు నుంచి షావుకారి లారీ హారను మోగింది, మళ్ళీ మోగింది. స్టేషన్లో కాయకి వ్యాగన్ మాట్లాడి ఉంది, ఆలస్యమైతే కాయ వెళ్ళదు.

"రారు పంతులుగారూ" అన్నాడు యోహాను. "డప్పేదన్నది ఇక్కడికి ఇనపడింది. డప్పడగొద్దని మీరైనా చెప్పాల్సింది."

"చెప్పాను."

"మీదేం తప్పుందిలెండి" అని మెట్లు దిగాడు. గేటు దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

మేం వెళ్ళేసరికి తోటలో పాతికమంది నిలబడి ఉన్నారు. షావుకారు గొడుగు విప్పుకుని విసుక్కుంటున్నారు. యోహాను చెయ్యి ఊపగానే చిక్కాలన్నీ ఒక్కసారే పైకి లేచాయి. కేకలు, నవ్వులు, గంపలు నిండడం, లారీ దగ్గరికి పరుగులు. నా చేతిలో ఎవరో చెట్టున పండిన రసం పండు పెట్టారు. ముంజేతుల దాకా కారుతుంటే జుర్రుకున్నాను. తియ్యగా ఉందని చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంది, కానీ తియ్యగానే ఉంది.

పన్నెండున్నర బస్సుకి తిరుగుప్రయాణం. రత్నం సెలవులకి అక్కడే ఉండిపోయాడు. యోహాను గంపెడు కాయలు గడ్డిలో సర్ది బస్సు టాపు మీద పెట్టించాడు. డబ్బు మాటెత్తితే కోప్పడ్డాడు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు కోతరోజుల్లోనే వెళ్ళాలి, ఆ నాలుగు రోజులూ మనిషిని తిండితో చంపేస్తారు.

బస్సు బంగళా మలుపు తిరుగుతుంటే కండక్టరు ఈలేశాడు, బస్సాగింది. గేటు బయట, రోడ్డు పక్కన, రాజావారు నిలబడి ఉన్నారు. తలపాగా, కోటు, చేతికర్ర. వంటవాడు కూడా లేడు. ఎంతసేపటి నుంచి అక్కడున్నారో తెలియదు. ఎక్కడానికే నిలబడ్డారనుకుని కండక్టరు తలుపు తీశాడు.

"ఎక్కండి పెద్దాయనా, త్వరగా."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఎక్కనోళ్ళు రోడ్డు మీద నిలబడటం ఎందుకండీ?" అని కండక్టరు గొణుక్కున్నాడు. వయసులో చిన్నవాడు, ఆ ప్రాంతం మనిషి కాడు. బస్సులో ఉన్న ఆ ఊరివాళ్ళు కూడా ఏమీ అనలేదు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, నేనండీ, మాస్టార్ని అన్నాను. గొంతు గుర్తుపట్టి ఆయన రెండడుగులు ముందుకొచ్చి కిటికీ చువ్వ పట్టుకున్నారు.

"కోత అయిపోయిందా?"

"అయిపోయిందండీ. లారీ కూడా వెళ్ళిపోయింది."

"మొదటి గుత్తి ఎవరు కోశారు?"

పొద్దుటి తోట గుర్తు తెచ్చుకున్నాను. అన్ని గెడలూ కలిసే లేచాయి. ఎవరి చిక్కంలో ముందు కాయ పడిందో నేను చూడలేదు. యోహాను చూడలేదు. చూడాలని అక్కడ ఎవరికీ అనిపించలేదు.

"యోహానేనండీ" అన్నాను.

ఆయన మొహం కాస్త తేలికపడింది. "వాడైతే ఫరవాలేదు" అని చువ్వ వదిలేశారు. కండక్టరు ఈలేశాడు, బస్సు కదిలింది.