రేపుదొర

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఎత్తు పదహారు వేల అడుగులు. మైనస్ పద్దెనిమిది, ఉత్తరపు గాలి. ఫైబర్ గుడిసె ఒకటి, కిరోసిన్‌తో మండే బుఖారీ పొయ్యి ఒకటి, మనుషులం ఆరుగురం. ఖరగ్‌పూర్ ఎండలో పెరిగిన ఒంటికి గాలిమార్పు మంచిదని డాక్టరు అనలేదు గానీ, ప్రభుత్వం అనుకుంది.

పోస్ట్ కమాండర్ ఒక హవల్దారు. ఆయనదీ మా ఖరగ్‌పూరే, మలంచా పేట. మా నాన్నలిద్దరూ రైల్వే వర్క్‌షాపులో ఒకే షెడ్డు. నేను రేడియో ఆపరేటర్ని, పైగా బీఏ హిస్టరీ. ఆ రెండోది ఎవరూ అడగలేదు.

ఆయన ఆర్డర్లు రెండే. అరచెయ్యి ఎత్తితే ఆగాలి. "రేపు సూద్దాం" అంటే బూట్లు విప్పొచ్చు. మంచు మెత్తబడితే రేపు, గాలి తిరిగితే రేపు. కింది డంపు నుంచి కిరోసిన్ తేవడం నాలుగు రోజులుగా రేపే.

ఓ సాయంత్రం బుఖారీ చుట్టూ అందరికీ ఫేబియస్ కథ చెప్పాను. రోమ్ సేనాపతి, అయిదుసార్లు కాన్సల్. ఆల్ప్స్ దాటి వచ్చిన హానిబాల్‌తో తలపడకుండా, కొండల మీదుగా అతని వెంటే తిరుగుతూ కాలం గడిపాడు. హానిబాల్ పుస్తకాల సంచి మోసే నౌకరని సొంత జనమే వెక్కిరించారు.

"మనకీ ఒకడున్నాడు కదేటి, రేపుదొర," అన్నాను.

గుడిసె నవ్వుతో వేడెక్కింది. కిరోసిన్ కూడా ఆదా. కథ అక్కడే ఆపాను.

ఆ పేరు నాకంటే ముందే కొండ దిగింది. మర్నాడు రేడియో సెట్‌లో కింది పోస్టు బెంగాలీ ఆపరేటర్ గొంతు: "కీ దాదా, రేపుదొర ఆజ్ భీ కల్ బోలా?" ఇవాళా రేపేనా అని.

నవ్వాను. హవల్దారు నా వెనకే ఉన్నాడు. వాల్యూం తగ్గించమన్నాడు, అంతే.

ఆ మర్నాడు పొద్దున ఆరుకు గాలి అలాగే ఉంది. ఆయన నడుముకు తాడు కట్టుకుంటున్నాడు.

"గాలి తగ్గనేదు ఉస్తాద్. రేపు సూద్దాం," అన్నాను.

"రేపుదొర సెలవెట్టినాడ్రా. నడు."

జెరికేన్లతో తిరిగొస్తుంటే మంచు పగుల్లోకి దిగబడ్డాను. మా ఇద్దరి నడుముల మధ్యనున్న తాడు మంచు పట్టి ఆయన గ్లవ్‌లోంచి జారుతోంది. ఆయన కుడిచేతి గ్లవ్ విప్పి, తాడును ఉత్త చేతికి చుట్టుకుని లాగాడు. నేను పైకొచ్చేసరికి గ్లవ్‌ను గాలి ఎత్తుకుపోయింది.

గుడిసె చేరేసరికి ఆ వేళ్లు మైనం రంగుకు తిరిగాయి. గోరువెచ్చని నీళ్లలో పెట్టి, హెలికాప్టర్ కోసం కూర్చున్నాం.

"ఒరే పంతులూ, ఆ రోము దొర ఆకరికి ఏటైనాడ్రా?"

"ఎక్కిరించిన డిప్యూటీ సొంతంగా యుద్ధానికెల్లి శత్రువుకి సిక్కినాడు, ఉస్తాద్. ఈయనే ఎల్లి ఆడ్ని ఇడిపించినాడు. ఆడొచ్చి 'నాన్నా' అన్నాడు."

"మరి ఆ ముక్క సెప్పనేదేటి?"

"దానికెవులూ నవ్వరు, ఉస్తాద్."

ఆయన నవ్వాడు.

టూర్ ముగిసింది. సర్వీసూ ముగిసింది. ఖరగ్‌పూర్‌లో మా పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు తిరిగొచ్చాను. కొన్ని దృశ్యాలు మనిషిని వదలవంటారు. నాది మలంచాలో ఇల్లు కట్టుకుని ఉంది. మొన్న గోల్‌బజార్‌లో ఉస్తాద్ కూతుర్ని రోడ్డు దాటిస్తూ, ఆటోలకు కుడి అరచెయ్యి ఎత్తాడు. బొటనవేలు ఒక్కటే ఉంది.

ఆటోలు ఆగలేదు. నేను ఆగాను.