పక్క మంచం నొప్పి

దెయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ని. తాయెత్తు కట్టించుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఎంతమందిని తిట్టానో లెక్కలేదు. అందుకే ఇది చెప్పడానికి నాకే చిరాగ్గా ఉంది.

మా పనిలో అన్నిటికన్నా విసుగు పుట్టించేది నొప్పి కొలవడం. సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో చెప్పమంటాం. మా వైపు జనానికి మర్యాద ఎక్కువ. ప్రాణం పోతున్నా "పర్లేదండీ" అంటారు. ఆ మాట వింటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం తాడేపల్లిగూడెం నుంచి రైసుమిల్లు లారీ డ్రైవరొకతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ డొక్క పట్టుకుని, మంచం మీద కుదురుగా ఉండలేక గిలగిల్లాడుతున్నాడు. కిడ్నీలో రాయి ఉన్నవాళ్ళు అలాగే మెలికలు తిరుగుతారు. నొప్పి ఎంతుందని అడిగితే "పది కాదండీ, పదిహేను!" అని అరిచాడు. ఇంజక్షన్ ఇచ్చాను, తగ్గలేదు. స్కాన్ చేయిస్తే రాయి లేదు. మూత్రంలో రక్తమూ లేదు. స్కాన్ తీస్తున్నంతసేపూ అరుస్తూనే ఉన్నాడు గనక, అప్పటికే రాయి పడిపోయిందనడానికీ లేదు.

పక్క మంచం మీద, తెర అవతల, కొల్లేటి లంక నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారు. చేపల చెరువు దగ్గర పని. జ్వరం, చలి అని కూతురు తీసుకొచ్చింది. నొప్పేమైనా ఉందా అంటే "అబ్బే, సున్నా అండీ. ముందు ఆ అబ్బాయిని చూడండి, పాపం" అంటారు. అలా తన వంతు వదులుకుంటూనే ఉన్నారు. జ్వరం మాత్రలిచ్చి పంపేద్దామనుకున్నాను.

అలవాటు కొద్దీ ఆయన ఎడమ డొక్క వెనక, కిడ్నీ ఉండేచోట, పిడికిలితో మెల్లగా తట్టాను. ఆయన కదల్లేదు. తెర అవతల డ్రైవరు కెవ్వుమన్నాడు.

కాకతాళీయం అనుకుని మళ్ళీ తట్టాను. మళ్ళీ కెవ్వుమన్నాడు. కుడివైపు తట్టాను. చప్పుడు లేదు.

"ఎవరండీ నా నడుం మీద గుద్దేది?" అన్నాడు డ్రైవరు. తెర తీసి చూస్తే అతని దగ్గర ఎవరూ లేరు. నిజం చెప్తున్నా, భయమేసింది.

పెద్దాయన్ని స్కాన్‌కి పంపాను. ఎడమవైపు మూత్రనాళంలో రాయి అడ్డం పడి, కిడ్నీ చీముతో ఉబ్బి ఉంది. ఇంటికి పంపి ఉంటే మనిషి దక్కేవారు కాదు. సర్జన్ గారు గొట్టం వేసి చీము బయటికి తీశారు. సరిగ్గా ఆ వేళకే కింద క్యాజువాల్టీలో డ్రైవరు లేచి కూర్చుని టీ అడిగాడు.

మా సీనియర్ గారికి చెబితే "నీకు నిద్ర చాలట్లేదమ్మా" అన్నారు. పోనీ ఆయనే వివరించొచ్చుగా! అదీ లేదు. ఆ ఇద్దరికీ చుట్టరికం లేదు, ముఖపరిచయం కూడా లేదు. పుస్తకాలన్నీ తిరగేశాను. ఒకడి రాయి ఇంకొకడికి నొప్పి పెడుతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

మొన్న డ్రైవరు ఫోన్ చేశాడు. "డాక్టరు గారూ, ఆ పెద్దాయన బాగున్నారా అండీ? నాకు మళ్ళీ ఎడమ పక్క పోటు మొదలైందండీ."

వెంటనే లంకలో ఉన్న కూతురికి ఫోన్ చేసి, నాన్నగారిని తీసుకురమ్మన్నాను.

"ఎందుకండీ? నాన్నకి నొప్పేం లేదండీ, పర్లేదంటున్నారు" అంది.

"నొప్పి లేకపోయినా తీసుకురా తల్లీ, ఇప్పుడే బయల్దేరండి" అని అరిచాను.