బ్యాటరీ తీసిన సెన్సార్

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, కరెంటు పని పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మేం స్థిరపడ్డ ఈ విదేశీ ఊరు ఓక్‌విల్‌లో మా ఇంటి బేస్‌మెంట్, అదే నేల కింది వాటా, వైరింగంతా నా చేతి పనే.

మన తెలుగు పిల్లలు ఇక్కడి కాలేజీల కోసం గుంపులుగా దిగుతున్న రోజులవి. వీధిలో ఏ బేస్‌మెంటూ ఖాళీ లేదు. మా కింద గుంటూరు అమ్మాయి కావ్య అద్దెకి ఉండేది. పక్క ఇళ్ళలో రెండు దొంగతనాలు జరిగాక నేనూ అలారం పెట్టించాను.

కంపెనీ నుంచి వచ్చినవాడు కదలికని పసిగట్టే సెన్సార్‌ని మేడ గదిలో హీటర్ గాలికి ఎదురుగా బిగించి పోయాడు. వెచ్చటి గాలి కదిలితే చాలు, మోత! నేనే ఊడదీసి, గాలీ ఎండా తగలని మూలకి మార్చాను. కొత్త వస్తువు కదా అని మా ఆవిడ సరిగ్గా దాని కంటి మీదే పసుపు రాసి బొట్టు పెట్టింది. తుడవలేక చచ్చాను. చివరికి వేడీ, కదలికా రెండూ తగిలితేనే మోగే రకం తెచ్చాను.

అయినా మధ్యాహ్నం మూడింటికి, మేడ మీది ఖాళీ గదిలో కదలిక అంటూ మోగేది. ఇంకొక్కసారి ఉత్తుత్తి అలారం వస్తే పోలీసులు రారని సిటీ వాళ్ళు ఉత్తరం రాశారు.

ఇక మిగిలింది మనిషే అనుకున్నాను. కావ్యే దొంగచాటుగా పైకి వెళ్తోందని తేల్చేసి, గది ఖాళీ చెయ్యమన్నాను. ఆ టైంకి క్లాసులో ఉంటానని, కావాలంటే అటెండెన్స్ చూపిస్తానని ఎంత చెప్పినా వినలేదు.

"ఈ రోజుల్లో ఆ పిల్లకి గది ఎక్కడ దొరుకుతుందండీ? మీ మొండితనం తగలెయ్య!" అంది మా ఆవిడ.

ఇక దాని గొడవే వద్దని, ఆ సెన్సార్‌ని వెనక్కి పంపేద్దామని కావ్య ఖాళీ చేసే ముందురోజే ఊడదీసి, బ్యాటరీలు తీసేశాను. మర్నాడు కావ్య తాళం ఇవ్వడానికి పైకి వచ్చింది. ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. సెన్సార్ టేబుల్ మీద ఉంది. సరిగ్గా మూడింటికి అలారం మోగింది. గోడకున్న అలారం స్క్రీన్ మీద అదే మాట: మేడ గది, కదలిక.

పైకి పరుగెత్తాను. గది ఖాళీ. కిటికీ గడియ వేసినది వేసినట్టే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే, సిగ్నల్ ఆ సెన్సార్ నుంచే వచ్చిందన్నాడు అక్కడివాడు. బ్యాటరీలు నా చేతిలో ఉన్నాయంటే, అలా జరగదు సార్ అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదూ?

తప్పు నాదే, ఉండిపొమ్మని కావ్యని అడిగాను.

"నా మాట కన్నా ఆ డబ్బా మాటే నమ్మారు కదంకుల్," అని సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ గదిలో కదిలింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. కావ్య కాదని మాత్రం తెలుసు.