రంగులేని తొట్టి

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప అది ఎవరికీ గుర్తులేదు. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన బంగారయ్య. ఒంటిమీద బంగారం ఉండి కాదు, ఆయన ముంచిన అల్యూమినియం ముక్క పసిడి రంగుతో పైకి వచ్చేది కాబట్టి.

ఆ పని తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టదని మనం ధీమాగా ఉంటాం. ఉప్పుగాలి తగిలితే అదీ తెల్లటి బూడిదై రాలుతుంది. పైన వేసిన పెయింటు పొలుసులుగా లేచిపోతుంది. అందుకే ముక్కల్ని శుభ్రంగా కడిగి, బుట్టలో పెట్టి, క్రోమియం మందు కలిపిన తొట్టిలో కాసేపు ముంచుతారు. మందు లోహాన్ని పైపైన కొరికి, దానిమీదే పల్చటి పొరై కూర్చుంటుంది. ఎంతసేపు ముంచాలో గోడమీద రాసి ఉండేది. బంగారయ్య ఆ గోడవైపు చూసిన పాపాన పోలేదు. లేత తేనె రంగు కంటపడగానే బుట్ట పైకి లేపేవాడు. ఆయన చేతి సరుకు తిరిగొచ్చిందన్న మాట ఎన్నడూ లేదు.

అయితే ఆ పసుపు మందు ఆయన్ని ఊరికే వదల్లేదు. ముక్కులో అడ్డుగోడకి చిల్లు పెట్టింది. పొయ్యిమీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా ఆయనకు తెలిసేది కాదు. రుమాలు విప్పితే నెత్తుటి మరకలు.

"ఆ మాయదారి తొట్టి దగ్గర్నుంచి ఎప్పుడు బయటపడతావయ్యా?" అని భార్య పోరని రోజు లేదు.

"నా ముక్కు, నా ఇష్టం" అనేవాడు. ఇలాంటి మొండిఘటంతో కాపురం చేసిన ఆవిడ ఓపికను మెచ్చుకోవాలి.

చివరికి ఆవిడ మొర కంపెనీయే విన్నది. క్యాన్సర్ తెచ్చే మందు ఇక వద్దని పాతదంతా పీపాల్లోకి తోడించి పంపేసింది. కొత్త మందులోనూ క్రోమియమే, కాకపోతే అంత విషం కాని రకం. పూత గట్టిదే. తేడా ఒక్కటే, దానికి రంగుండదు. ముంచకముందు ముక్క ఎలా ఉందో ముంచాకా అలాగే ఉంటుంది.

భార్య ఎంత సంబరపడిందో! ప్రమాదం లేదు కదా అని కూతుర్ని కూడా అదే లైనులో చేర్పించింది. తండ్రి ముంచిన బుట్టను పక్కనున్న నీళ్లతొట్టిలో జాడించి, ముక్కలు విడదీసి ఆరబెట్టడం ఆ పిల్ల పని.

బంగారయ్యకు మాత్రం దిక్కుతోచలేదు. బుట్ట ఎత్తితే తెల్లగానే ఉంటుంది. పట్టిందా, పట్టలేదా? గడియారం చూసి తీయమన్నాడు ఫోర్‌మన్. గడియారాన్ని నమ్మడానికి ఈయనకు మనసొప్పలేదు. అనుమానం కొద్దీ రెండోసారి ముంచాడు, మళ్లీ ముంచాడు. పూత మందమై సుద్దలా రాలింది, పైనున్న పెయింటు పట్టు వదిలేసింది. సరుకు సరుకంతా తిరిగొచ్చింది.

"చేతకాకపోతే చెప్పు బంగారయ్యా, ప్యాకింగులో వేస్తాను" అన్నాడు ఫోర్‌మన్, అందరూ వింటుండగా, కూతురు వింటుండగా.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ప్యాకింగంటే అట్టపెట్టెలకు టేపు అంటించడం. ఆ తొట్టి దగ్గర తప్ప ఈ లోకంలో తానెవరన్నది ఆయనకు తెలియదు.

పాత మందు పంపేసేటప్పుడు ఒక క్యాను సబ్బు డబ్బాల వెనక దాచుకున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాడు. ఇప్పుడు ఎవరూ రాకముందే వచ్చి, అందులోంచి ఒక చెంబుడు కొత్త తొట్టిలో పోశాడు. ఆ పూట ముక్కల మీద ఉందా లేదా అన్నట్టు పసుపు తేలింది. బంగారయ్యకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఇంకాస్త పోశాడు, ఆ మర్నాడు ఇంకాస్త.

"దారిలో పడ్డావే!" అన్నాడు ఫోర్‌మన్. "ముక్కలు కాస్త పసుపుగా ఉన్నాయేంటి?"

"కొత్త లైట్లు కదండీ, అలా కనిపిస్తాయి."

ఆ మహానుభావుడు నమ్మేశాడు.

విషమని బంగారయ్యకు తెలియదా? ఆ చిల్లుపడ్డ ముక్కుతోనే కదా ఊపిరి పీలుస్తున్నాడు. అయితే తన తొట్టిలోంచి లేచిన బుట్ట, మందు కార్చుకుంటూ కూతురి తొట్టిలోకే వెళుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టలేదనడం కూడా అబద్ధమే, తట్టనివ్వలేదు.

ఓ రోజు టీ వేళకి కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది. చూపుడువేలికి గుడ్డ కట్టు ఉంది.

"ఏమైంది తల్లీ?"

"నిన్న ముక్క అంచు గీసుకుంది నాన్నా. చిన్నదేలే. పొద్దున అమ్మ కట్టింది."

"తొడుగులు వేసుకోలేదా?"

"వాటితో చిన్నముక్కలు జారిపోతున్నాయి. ఇప్పుడు మందు మంచిదేగా, ఎవరూ వేసుకోవట్లేదు." ఆమె టీ కప్పు ఎత్తింది. తెల్లటి కట్టుకి వేలి కొసన లేత తేనె రంగు పట్టి ఉంది.

ఆ రంగుని పోల్చుకోవడానికి బంగారయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. కప్పు కింద పెట్టనివ్వకుండానే కూతురి చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లాడు. కట్టు ఊడదీశాడు. కోత చుట్టూ చర్మం ఎర్రగా రేగి ఉంది. ధార కింద వేలు పెట్టి, అక్కణ్ణుంచే గొంతు చించుకుని అరిచాడు.

"లైను ఆపండి సార్! తొట్టిలో పాత మందుంది. నేనే పోశాను!"

ఫోర్‌మన్ తిట్లు, పరుగులు, పైవాళ్లకు ఫోన్లు అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. పని చేస్తున్నవాళ్లంతా తమ చేతుల వంక చూసుకున్నారు. తన ఉద్యోగం పోయినట్టేనని బంగారయ్యకు అర్థమైంది, కానీ అది ఇప్పుడు ఆయనకు పట్టలేదు. సబ్బు రాసి, కడిగి, మళ్లీ సబ్బు రాస్తున్నాడు.

"నీ రుమాళ్లు ఉతికేది నేనే నాన్నా" అంది కూతురు చాలా నెమ్మదిగా. "ఆ మందు ఏం చేస్తుందో నాకూ తెలుసు. నీకు తెలియదా?"

ఆయన మళ్లీ సబ్బు అందుకోబోయాడు. ఆమె తన చెయ్యి ఆయన చేతుల్లోంచి తీసుకుని, పక్క కుళాయి తిప్పి, తనే కడుక్కోసాగింది.