బావ చేతి వేగం

పెద్ద బ్యాండులో వేలమంది ముందు గిటారు వాయించే ఆ మనిషి, ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున బావ కారు షెడ్డులో గోడవారగా స్టూలు మీద కూర్చుంటాడు. అక్కడ ఆయనది ఇంటి బ్యాండు: పాటకు అక్క, డ్రమ్ములకు బావ. పక్షవాతం వచ్చి బావ కుడిచెయ్యి నిదానించిన వారమే పాటలన్నీ నిదానించాయి; ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు. మొన్న రికార్డుల కంపెనీ ఆయన వచ్చి, రెండు పాటలు విని, "బంగారం లాంటి పాటలండీ! డ్రమ్ములకు ఇంకొకర్ని పెట్టండి, ఈ నెల్లోనే రికార్డు చేసేద్దాం" అన్నాడు. అదే వాళ్లకు మొదటి రికార్డు. బావ కర్రలు సంచిలో పెట్టేస్తూ, "నిజమేగా, నేను నత్తకు తమ్ముణ్ణి" అని నవ్వాడు. గిటారాయన తీగ బిగిస్తూ తలెత్తలేదు. "నువ్వు మొదలెట్టకపోతే ఎక్కడ అందుకోవాలో నాకు తెలిసేడుస్తుందా బావా? తియ్యి ఆ కర్రలు."