ఎండగట్టిన తోట

చీనీ చెట్టు, అంటే బత్తాయి, బాగా పూయాలంటే ముందు దానికి నీళ్ళు ఆపేయాలి. నెల రోజులు, నేల గట్టిదయితే ఇంకాస్త ఎక్కువ. ఆకు వాడిపోవాలి, ముడుచుకోవాలి, కొంత రాలాలి కూడా. ఇక బతకనేమో అని చెట్టుకే భయం పుట్టాలి. అప్పుడు మొదలు నిండా నీళ్ళు పెడితే కొమ్మకొమ్మకూ పూత వస్తుంది. దీన్నే తోటను ఎండగట్టడం అంటాం. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో మా ఆయన ఈ సంగతి చెబితే నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. నీళ్ళు లేక ఎండిన పైర్లను చూస్తూ పెరిగినదాన్ని నేను. నీళ్ళుండి కూడా ఎండబెట్టే మనుషులు ఉంటారని నాకెట్లా తెలుస్తుంది?

నేను పుట్టింది కంబదూరు పక్కన ఒక పల్లెలో. అక్కడ సేద్యమంటే శెనక్కాయలు విత్తి ఆకాశం వైపు చూడటం. వాన పడితే పంట, పడకపోతే తిట్లు. మా నాయన మబ్బులను తిట్టినంత ఘాటుగా మనుషులను కూడా తిట్టేవాడు కాదు. యాడికి అనే ఊరి దగ్గర, కాలువ కింద చీనీ తోట ఉన్న ఇంటికి నన్నిస్తున్నారని తెలిసి మా వీధి ఆడవాళ్ళంతా వచ్చి, "నీళ్ళుండే ఊరికి పోతాండావు, నీకేం మే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. వచ్చాక గానీ తెలియలేదు, ఇక్కడివాళ్ళు కూడా ఎప్పుడూ ఎటో చూస్తూనే ఉంటారని. కాకపోతే ఆకాశం వైపు కాదు, కాలువ ఎగువకు.

మా పొలం పిల్లకాలువకు తోకన ఉంది. పైవాళ్ళ మడులన్నీ తడిసి, వాళ్ళు తూము దించితేనే మాకు పారుతుంది. ఆ పిల్లకాలువకు పెద్ద కాలువలోంచి రావాలి, పెద్ద కాలువకు పైనున్న డ్యామ్ నుంచి రావాలి. ఆ డ్యామ్ నిండాలంటే పక్క రాష్ట్రంలో, మేమెవరమూ చూడని కొండల్లో వానలు కురవాలి. ఆషాఢం వచ్చిందంటే మా ఊళ్ళో టీవీల్లో కన్నడ వార్తలు మోగుతాయి. అక్కడ ఇళ్ళలోకి నీళ్ళొచ్చి జనం పరుపులు నెత్తిన పెట్టుకుని పోతుంటే, ఇక్కడ మా అరుగుల మీద మగవాళ్ళు "డ్యాముకు బాగా వస్తాండాయి నీళ్ళు" అని సంబరపడతారు. నేనూ సంబరపడ్డాను. టీవీ కట్టేశాక మాత్రం నా మీద నాకే అసహ్యం వేసేది. ఎవరి కొంపో మునిగితేగానీ నా చెట్టుకు తడి లేదంటే, ఇదేం బతుకు?

నేను చెప్పబోయే ఏడు డ్యామ్ నిండింది. మాకు మొదటి తడవ నీళ్ళు బాగానే వచ్చాయి. మార్గశిరంలో, తోటను ఎండగట్టే సమయానికి, కాలువ తూములు చూసుకునే లస్కరు మా ఇంటి ముందు బండి ఆపి టీ తాగుతూ, "పండగ కాంగానే రెండో తడవ వదుల్తారన్నా, ఈసారి బయమేం ల్యా" అన్నాడు. మా ఆయన ఆ మాటతో ఎగిరి గంతేసినంత పని చేశాడు. తోట మొత్తం ఒకేసారి ఎండగడదామన్నాడు.

నేను సగం చాలన్నాను. మా బోరు తోట మొత్తాన్ని నిండుగా తడపలేదు. సగాన్నయితే ఏదో ఒకలా నెట్టుకొస్తుంది. కాలువ పారితేనే తోటంతటికీ తడి, ఆ పారకంతో బోరుకూ ఊట. కాలువ రాకపోతే ఏం చేద్దామని అడిగాను.

"సగం తోట పూస్తే ఏ వ్యాపారీ లారీ పెట్టడు. ఒకే తడవ కాయ దిగాల. డ్యాము నిండుగా ఉండాది, రాకుండా యాడికి పోతాయి నీళ్ళు?"

రెండు రోజులు మాటలు పెరిగాయి, ఒక పూట ఎవరి కంచం వాళ్ళు పెట్టుకున్నాం. ఆఖరికి నేనే సరేనన్నాను. ఆయన చెప్పినదాంట్లో తప్పేం కనిపించలేదు మరి. నిండిన డ్యామ్‌ను నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి?

తోట బాగా వాడినప్పుడు మా నాయన చూడటానికి వచ్చాడు. చెప్పులు గట్టున విడిచి లోపలికి నడిచాడు. ముడుచుకున్న ఆకునొకదాన్ని తుంచి వేళ్ళ మధ్య నలిపాడు. అది పెళపెళమంది.

"ఏందప్పా అల్లుడా ఇది? చెట్లు సచ్చేట్టుండాయి కదా."

మా ఆయన నవ్వి, ఎండగట్టడం గురించి మొదటినుంచీ చెప్పాడు. నాయన అంతా విన్నాడు.

"అయితే పూత యాలకు నీళ్ళు యాడుండాయి?"

"డ్యాములో ఉండాయి మామా."

"డ్యాము ఎవరి చేతిలో ఉండాది?"

మా ఆయన నా వైపు చూశాడు. నాయన ఊరుకోలేదు. "నా వాన ఎవరి చేతిలోనూ ల్యా. అందుకే నేనెప్పుడూ ఎవరినీ నమ్మి చెట్టు గొంతు తడారబెట్టలేదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. జన్మంతా మబ్బులను నమ్మి ఏడుసార్లు విత్తితే నాలుగుసార్లు గింజ ఇంటికి చేర్చని మనిషి, నీళ్ళ సేద్యం గురించి మాకు పాఠాలు చెప్పడమా? ఆ మాటే మొహాన అనేశాను. నాయన ఏమీ అనుకోలేదు, నా కోపం ఆయన దగ్గర్నుంచి వచ్చిందే కదా. సాయంత్రం బస్సుకు తాడిపత్రి మీదుగా వెళ్ళిపోయాడు. మా ఆయన మాత్రం చీకటి పడేదాకా తోటలోనే తిరిగాడు.

పండగ అయిపోయింది. కాలువలోకి నీళ్ళు రాలేదు. లస్కరు వచ్చాడు గానీ ఈసారి బండి దిగలేదు. ఊరి మగవాళ్ళంతా చుట్టూ మూగారు, నేను గడప దగ్గర నిలబడి విన్నాను.

"డ్యాము గేట్లు పాతబడి పోయినాయంటన్నా. తీసేసి కొత్తవి పెట్టాలంట. అవి పెట్టాలంటే నీళ్ళు తగ్గాల. అందుకని రెండో పంటకు వదలరంట."

"నిండిందంటివి కదప్పా!" అని ఎవరో అరిచారు.

"నిండింది. నిలబెట్టుకోలేక ఏట్లోకి ఇడిసినారు."

వాన రాక ఎండటం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. దానికి ఒక అలవాటు ఉంటుంది, ఏడ్చి ఊరుకుంటాం. వానలు పడి, డ్యామ్ నిండి, ఆ నీళ్ళు మా పక్కనుంచే ఎటో వెళ్ళిపోయి మేం ఎండటం మాత్రం నాకు కొత్త. తిడదామంటే మనిషి దొరకలేదు. గేటు ఊడితే కింద ఊళ్ళు కొట్టుకుపోతాయి, మార్చాల్సిందే, అది ఎవరైనా ఒప్పుకునే మాటే. లస్కరును తిడితే ఏం వస్తుంది, అతను విన్నది చెప్పాడు. ఈ మాట మేం చెట్లకు నీళ్ళు ఆపకముందు ఒక్కరైనా చెప్పి ఉంటే చాలు. మా చెట్లు గొంతెండి నిలబడి ఉన్నాయని పైన ఎవరికీ తెలియదు. తెలియజేసే దారీ మాకు తెలియదు.

మా ఆయనకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. రోజూ పొద్దున్నే కాలువ కట్ట మీదికి పోయి నిలబడేవాడు. ఎండిన కాలువలో గొర్రెలు దిగి నడుస్తుండేవి. "ఎవరో అడుగుతాండారంట పైన, కొంచెమన్నా ఇడుస్తారంట" అని ఏదో ఒక మాట పట్టుకొచ్చేవాడు. నేను ఆయనకు అన్నం పెట్టి బోరు దగ్గరికి పోయేదాన్ని. పడి లేచి వచ్చే ఆ సన్నటి నీటిని వంతులవారీగా చెట్లకు తిప్పాను. అది పూతకు చాలే నీరు కాదు. ప్రాణం పోకుండా నోట్లో చుక్క పోయడం లాంటిది. పక్క తోటవాళ్ళు ట్యాంకర్లు తోలించుకున్నారు. అంతకుముందు కరువులో ట్యాంకర్ల వెంట పడినవాళ్ళు అప్పుల్లో ఎట్లా మునిగారో చూశాం కాబట్టి మేం ఆ జోలికి పోలేదు.

మాఘంలో ఒక మధ్యాహ్నం, ఎవరూ అనుకోని వాన పడింది. ఒక్క వాన. పిల్లలు వీధుల్లో ఎగిరారు. మా ఆయన చొక్కా విప్పి తోటలో నిలబడి తడిశాడు. ఆ తర్వాత మబ్బన్నది కనిపించలేదు.

రెండు వారాలు దాటాక తోట పూసింది. అట్లాంటి పూత నా కాపురంలో ఎన్నడూ చూడలేదు. ఆకు కంటే పువ్వే ఎక్కువ, ప్రతి రెమ్మకూ తెల్లటి గుత్తులు. వాసన రోడ్డు దాకా కొట్టేది. సిమెంటు లారీల డ్రైవర్లు కూడా బండి నిదానం చేసి ఇటు చూసేవాళ్ళు. తేనెటీగల రొదకు తోటలో మాట వినపడేది కాదు. ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళూ "ఈ యేడు మీకు తిరుగులేదప్పా" అనేవాళ్ళు. మేం నవ్వాల్సి వచ్చేది.

మాకు తెలుసు. చావుకు దగ్గరైన చెట్టు ఒక్క వానకు ఆశపడి ఉన్న బలమంతా పువ్వులో పెట్టేసింది. ఇక పిందె పడితే దాన్ని మోయడానికి నీళ్ళు కావాలి, ఎండాకాలమంతా కావాలి. లేకపోతే పిందే నిలవదు, చెట్టూ నిలవదు. మూడో రోజు మా ఆయన నా పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, "పూత దులిపేయాల" అన్నాడు. ఆ మాట ఆయనే అనాలని నేను కాచుకుని ఉన్నాను. అన్నాక మాత్రం ఆయన నోరు మూసేయాలనిపించింది.

మా తోటలో ఏళ్ళ తరబడి కాయ కోసే ఒకామెను కూలీలతో రమ్మన్నాను. పని ఏమిటో చెప్పగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పూత దులపమంటావాక్కా? నా సేతుల్తో నేను సెయ్యలేను. రాళ్ళు మోయమను, మోస్తా. ఇది మాత్రం నన్నడగద్దు."

ఆమెతో వచ్చినవాళ్ళు కూడా వెనక్కి తిరిగిపోయారు. ఇక మేమిద్దరమే. సన్నటి కట్టెలతో కొమ్మలను కొట్టాం, అందిన చోట చేత్తో దూశాం. చీనీ చెట్టు ముళ్ళు మోచేతుల దాకా గీరాయి. పువ్వుల్లోంచి తేనెటీగలు లేచి మళ్ళీ వచ్చి కింద పడిన పూల మీద వాలేవి. మా ఆయన నాలుగు చెట్లు దులిపి కట్టె పారేసి గట్టున కూలబడ్డాడు. "ఒక్క వరసన్నా ఉంచుదాం మే" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం విని నాకు ఇంకా కోపమొచ్చింది. "ఏ వరస సచ్చిపోవాల్నో నువ్వే చెప్పు, దాన్నే ఉంచుతా" అన్నాను. నేను తిట్టుకుంటూ దులిపాను. చెట్టును తిట్టాను, ఎవరు పూయమన్నారే నిన్ను అని. తిడుతూనే ఏడ్చాను. మర్నాడూ, ఆ మర్నాడూ పోయి మిగిలినవి దులిపాను. ఆయన నీళ్ళ చెంబు తెచ్చి నా పక్కన పెట్టి పోయేవాడు.

చెట్లు బతికాయి. కొసన ఉన్న కొన్ని పోయాయి గానీ తోట నిలిచింది. ఆ ఏడు మాకు కాయ లేదు. పైన కొత్త గేట్లు పెట్టారన్నారు. వానలు పడ్డాయి, డ్యామ్ మళ్ళీ నిండింది, మొదటి తడవ నీళ్ళు మా దాకా వచ్చాయి. తోట పచ్చబడింది, ముట్టుకుంటే చేతికి తడి తగిలేంతగా.

ఇప్పుడు మళ్ళీ మార్గశిరం. నిన్న పొద్దున మా ఆయన కాలువ మీదనుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే నా ఎదురుగా నిలబడ్డాడు.

"పండగ కాంగానే రెండో తడవ ఇడుస్తారంట. ఎండగడదామా?"

ఇన్నేళ్ళలో ఆయన ఈ మాట ఎప్పుడూ అడగలేదు, ఎప్పుడూ చెప్పడమే. ఈసారి అడిగి, నా మొహంలోకి చూడకుండా నిలబడ్డాడు. వద్దనాలనే నాకుంది. వద్దంటే బోరు నీళ్ళతో చెట్లు పచ్చగా ఉంటాయి, ఒక్క పువ్వూ పూయవు. సగమే ఎండగడదామంటే ఆ సగానికి ఏ వ్యాపారీ లారీ పెట్టడు. కాయ లేని రెండో ఏడు మా ఇల్లు తట్టుకోదు. ఎండగట్టాలంటే మాత్రం, నేనెన్నడూ చూడని చోట, నా పేరు తెలియని మనిషి ఎవరో, చెప్పిన రోజుకు డ్యామ్ గేటెత్తాలి. ఎత్తుతాడో లేదో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"సరే, నీళ్ళు ఆపు" అన్నాను. నిండుగా, పచ్చగా నిలబడి ఉన్న చెట్లను చూడలేక ఇంట్లోకి వచ్చేశాను.